‘మందు తాగాడు’ అంటే ఏ కోడ్?

గోదావరి జిల్లాల్లో ‘మందు తాగాడు’ అన్న మాట మూడు రకాలుగా చెల్లుతుంది. డాక్టరు రాసిచ్చిన దగ్గుమందు తాగాడని ఒకటి. బ్రాందీ షాపు నుంచి వస్తున్నాడని ఇంకొకటి. గొంతు తగ్గించి చెబితే మాత్రం పురుగుమందు తాగాడని. ‘మందు కొట్టాడు’ అన్నా అంతే. దాళ్వా చేలో స్ప్రేయరు భుజాన వేసుకున్న మనిషికీ, సీసా మూత తీసిన మనిషికీ అదే మాట. వినేవాడికి వేళను బట్టి, చెప్పే తీరును బట్టి సంగతి తెలిసిపోతుంది. రోగి చార్టు చదివి, అందులోని జబ్బులకు బిల్లు కోసం కోడ్‌లు వేసే మెడికల్ కోడర్‌కు ఆ వెసులుబాటు లేదు. కాగితం మీద ఉన్నదే అతనికి ఆధారం.

పేపర్లలో రాసే ‘ఇంజెక్షన్ వికటించి’ కూడా ఇలాంటిదే. సరైన మందు సరైన మోతాదులో ఇచ్చినా ఒంటికి పడలేదా? ఒకరికివ్వాల్సింది ఇంకొకరికిచ్చారా? మోతాదు మించిందా? వికటించడం అన్న ఒక్క మాటలో ఈ మూడూ కలిసిపోతాయి. కోడింగులో మొదటిది ఒక దారి, మిగతా రెండూ మరో దారి. కోడ్ మారుతుంది, కోడ్‌ల వరస మారుతుంది, ఆసుపత్రికి వచ్చే డబ్బు కూడా మారుతుంది.

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం వైపు బీఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివి కోడింగులో చేరేవాళ్లు ఎక్కువగా చూసేది అమెరికా ఆసుపత్రుల చార్టులు. అక్కడ 2015 అక్టోబరు 1 నుంచి ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్‌ల పుస్తకం అమల్లో ఉంది. ఏటా అక్టోబరు 1న కొత్త కోడ్‌లు వస్తాయి, కొన్ని మార్పులు ఏప్రిల్ 1న కూడా వస్తుంటాయి. మందుల రియాక్షన్లు, విషప్రభావాలు, డోసు తగ్గడం అన్నీ 19వ అధ్యాయంలో ఉంటాయి. ఈ భాగంలో తప్పులు మందు పేరు తెలియక వచ్చేవి తక్కువ. ఆ మందు ఒంట్లోకి ఎలా వెళ్లిందో, లేదా ఎందుకు వెళ్లలేదో తేల్చుకోకుండా మందుల పేర్ల పట్టిక, అంటే టేబుల్ తెరవడం వల్ల వచ్చేవే ఎక్కువ.

టేబుల్ కంటే ముందు ఒక ప్రశ్న

19వ అధ్యాయంలో టి అక్షరంతో మొదలయ్యే కోడ్‌లలో టి36 నుంచి టి50 వరకు మందులవి. టి51 నుంచి టి65 వరకు మందులు కాని హానికర పదార్థాలవి: మద్యం, కిరోసిన్, పురుగుమందులు, పాము విషం వగైరా. పుస్తకంలోని మందులు, రసాయనాల పట్టికలో ఒక్కో పేరుకు ఎదురుగా ఆరు గడులుంటాయి. మొదటి నాలుగూ విషప్రభావానివి: పొరపాటున, తనకు తాను చేసుకున్నది, ఇతరులు చేసినది, ఉద్దేశం తేలనిది. ఐదోది సరిగ్గా వాడినా వచ్చిన దుష్ప్రభావం. ఆరోది డోసు తగ్గడం. కోడ్‌లో ఐదో స్థానంలోనో ఆరో స్థానంలోనో కనిపించే 1, 2, 3, 4, 5, 6 అంకెలు ఈ గడులే.

పురుగుమందుల వరసలో చివరి రెండు గడులూ ఖాళీ. సరిగ్గా వాడిన పురుగుమందు దుష్ప్రభావం అనే మాటకు అక్కడ చోటు లేదు, డోసు తగ్గిన పురుగుమందు అన్నదీ లేదు. తెలుగులో ఒకే మాటతో పిలిచే మందులకూ పురుగుమందులకూ మధ్య గీత ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

టేబుల్ తెరిచే ముందు అడగాల్సింది ఇది: ఈ మందును రాసిచ్చినట్టే, ఇచ్చినట్టే వాడారా? అవును అయితే అంకె 5. తక్కువ వేసుకున్నా, మానేసినా 6. ఎక్కువ వేసుకున్నా, ఒకటికి బదులు ఇంకొకటి వేసుకున్నా, నోటి ద్వారా ఇవ్వాల్సింది సూదితో ఇచ్చినా, ఒకరి మందు మరొకరికి పోయినా 1 నుంచి 4 లోపల ఏదో ఒకటి. జవాబు వచ్చాకే మందు పేరు వెతకాలి. పేరు దొరికాక కూడా టేబుల్‌లోని కోడ్‌ను నేరుగా ఎత్తి రాయకూడదు. కోడ్‌లన్నీ వరసగా ఉండే ట్యాబులర్ లిస్టులో ఆ కోడ్ దగ్గరికి వెళ్లి, కింద ఉన్న సూచనలు చదివి, ఏడో అక్షరం కలిపితేనే కోడ్ పూర్తవుతుంది.

ఒక కోడ్‌ను విడదీసి చూస్తే సంగతి తేలికవుతుంది. టి60.0ఎక్స్1ఏ. టి60 అంటే పురుగుమందులు. చుక్క తర్వాతి సున్నా ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ జాతిని చెబుతుంది. ఎక్స్‌కు అర్థం లేదు, అది ఖాళీ స్థానాన్ని పట్టి ఉంచే అక్షరం మాత్రమే. 1 అంటే పొరపాటున జరిగింది. ఏ అంటే చికిత్స ఇంకా చురుగ్గా నడుస్తోంది. ఎక్స్ వదిలేస్తే మిగతా అక్షరాలు ఒక గడి ముందుకు జరుగుతాయి, కోడ్ చెల్లదు. కొత్తగా చేరినవాళ్ల చేతుల్లో తిరిగొచ్చే క్లెయిముల్లో ఈ ఎక్స్ పోయినవి కనిపిస్తూనే ఉంటాయి.

ఒకే మాత్ర, రెండు వరసలు

కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్‌ను చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ఆ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీ మీద ‘వారానికి ఒకసారి’ అని ఉన్నా, మిగతా మాత్రలతో పాటు డబ్బాలో పడేసి రోజూ వేసుకోవడం తెలిసిన ప్రమాదమే. కొన్ని రోజులకు నోట్లో పుండ్లు లేస్తాయి, అన్నం మింగుడు పడదు, రక్త పరీక్షలో తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. ఇది మోతాదు మించడం, అంటే విషప్రభావం. టి45.1ఎక్స్1ఏ ముందు రావాలి. నోటి పుండ్లు, రక్తకణాలు తగ్గడం దాని వెనక వస్తాయి.

ఇంకో మనిషి అదే మాత్రను వారానికొకసారే, చెప్పినంతే వేసుకున్నాడు. అతనికీ అవే పుండ్లు, అవే రక్త ఫలితాలు. ఇక్కడ అంకె 5 అవుతుంది, వరస తిరగబడుతుంది. ముందు పుండ్ల కోడ్, తర్వాత టి45.1ఎక్స్5ఏ. ల్యాబ్ రిపోర్టులు రెండూ పక్కపక్కన పెడితే తేడా కనిపించదు. తేడా అంతా చార్టులో ‘రోజూ వేసుకుంటున్నారట’ అని నర్సు రాసిన ఒక్క వాక్యంలో ఉంటుంది. అది తరచుగా డిశ్చార్జి సమ్మరీలో ఉండదు, మొదటి రోజు ఎమర్జెన్సీ నోట్సులో ఉంటుంది. అందుకే సమ్మరీ ఒక్కటీ చూసి ఈ కేసులు మూసేయడం ప్రమాదం. నర్సు నోటు కనిపించాక డాక్టరు నోట్సులో అదే మాట ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే డాక్టరును అడగాలి.

ఈ వరస బిల్లులో ఎలా తేలుతుందంటే, విషప్రభావం ముందుంటే అమెరికా ఇన్‌పేషెంట్ కేసు సాధారణంగా డీఆర్‌జీలు అనే బిల్లింగ్ గ్రూపుల్లో మందుల విషప్రభావాలవైన 917కో 918కో వెళుతుంది. దుష్ప్రభావమైతే లక్షణం ముందుంటుంది కాబట్టి ఆ లక్షణం గ్రూపుకు వెళుతుంది. పేగుల్లో రక్తస్రావమైతే 377, 378, 379లలో ఒకటి. అంకె తప్పితే గ్రూపు తప్పుతుంది, ఆడిట్‌లో అది బయటపడుతుంది.

వరస గుర్తు లేకపోయినా పుస్తకమే గుర్తు చేస్తుంది. మందుల వల్ల వచ్చే చెవుడుకు హెచ్91.0 కింద ఉన్న సూచన చదివితే చాలు: విషప్రభావమైతే టి కోడ్ ముందు రాయాలి, దుష్ప్రభావమైతే టి కోడ్ తర్వాత కలపాలి. స్ట్రెప్టోమైసిన్ లాంటి సూదులు సరిగ్గానే చేసినా రెండు చెవులూ వినపడకుండా పోతే హెచ్91.03 ముందు, టి36.5ఎక్స్5ఏ తర్వాత.

సరిగ్గా వాడిన మందు వల్ల వచ్చేవి కొన్ని రోజూ కనిపిస్తాయి. నీరు తీసే ఫ్యూరోసెమైడ్ వల్ల పొటాషియం పడిపోతే ఈ87.6, తర్వాత టి50.1ఎక్స్5ఏ. అమాక్సిసిలిన్‌తో ఒళ్లంతా దద్దుర్లు వస్తే ఎల్27.0, తర్వాత టి36.0ఎక్స్5ఏ. అదే మందుతో అనాఫిలాక్సిస్ షాక్, అంటే ప్రాణాంతకమైన అలర్జీ వస్తే టి88.6ఎక్స్ఎక్స్ఏ, దాని వెనక టి36.0ఎక్స్5ఏ. ‘పెన్సిలిన్ పడదు’ అని చరిత్రగా మాత్రమే రాసి ఉంటే టి కోడ్ పనికిరాదు, జెడ్88.0 సరిపోతుంది. టి88.7 అంటే ఏ రియాక్షనో తెలియనిది. దద్దుర్లని చార్టులో స్పష్టంగా ఉన్నా దాన్ని వాడేస్తున్నారంటే చార్టు పూర్తిగా చదవలేదనే అర్థం.

తెలియకుండా కలిసేవి

మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవడం ఇక్కడ మామూలే. గుండె వాల్వు మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే మనిషి కూడా అదే పని చేస్తే పరిస్థితి వేరు. వార్ఫరిన్‌ను డాక్టరు చెప్పినట్టే వేసుకున్నాడు. షాపులో తెచ్చుకున్న నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ మాత్రం ఎవరూ రాయలేదు. రెండూ కలిసి పేగుల్లోంచి రక్తం పోతే, వార్ఫరిన్ తప్పేం లేదు కదా అని 5 వేయడం కుదరదు. రాసిచ్చిన మందుతో రాయని మందు కలిసి జరిగిన హాని విషప్రభావమే. టి45.511ఏ, టి39.391ఏ రెండూ ముందు, తర్వాత రక్తస్రావం కోడ్ కె92.2.

రెండు మందులనూ ఇద్దరు వేర్వేరు డాక్టర్లు రాసిచ్చి, రోగి రెండింటినీ సరిగ్గానే వాడితే మాత్రం అది దుష్ప్రభావం. మందులు అవే, శరీరంలో జరిగిందీ అదే. కోడ్‌ను నిర్ణయించేది ఆ రెండో మాత్ర ఎక్కడి నుంచి వచ్చిందన్నదే.

మద్యంతో కలిసినప్పుడూ అంతే. నిద్ర కోసం రాసిచ్చిన అల్ప్రాజోలం సరైన మోతాదులోనే వేసుకుని, దాని మీద మద్యం తాగి స్పృహ తప్పితే టి42.4ఎక్స్1ఏ, టి51.0ఎక్స్1ఏ. మద్యం మత్తు ఒక్కటే ఉన్న మామూలు కేసు మద్యం వాడకం కోడ్‌లైన ఎఫ్10 దారిలో పోతుంది. ‘మందు తాగొచ్చాడు’ అని కనిపించగానే టి51 వైపు పరుగెత్తకూడదు.

చేను నుంచి క్యాజువాల్టీకి

సార్వాలో సుడిదోమ పడితే మళ్లలోకి దిగి పిచికారీ చేస్తారు. ఒంటి మీద చొక్కా తడిసి చర్మానికి అంటుకుని, గంటల తరబడి అలాగే ఉంటుంది. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్లు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి. నోట్లో నురగ, చెమటలు, గుండుసూది మొనలా ముడుచుకున్న కంటిపాపలు, వాంతులు, తర్వాత శ్వాస అందకపోవడం. ఏరియా ఆసుపత్రిలో ప్రాథమిక చికిత్స చేసి పెద్దాసుపత్రికి పంపుతారు.

ఈ చార్టుకు కోడ్ వేసే తీరు ఇది. ముందు టి60.0ఎక్స్1ఏ. తీవ్రమైన శ్వాస వైఫల్యం అని డాక్టరు రాస్తే జె96.00 వెనక. రెండో ఆసుపత్రిలో కూడా ఏడో అక్షరం ఏ గానే ఉంటుంది. ఆసుపత్రి మారడం వల్ల అది డి అయిపోదు, విరుగుడు చికిత్స నడుస్తున్నంతసేపూ ఏ నే. కోలుకున్నాక మామూలు చెకప్‌కు వచ్చినప్పుడు డి. ఆ విషం వదిలిపెట్టిన దీర్ఘకాల బాధకు చికిత్స అయితే ఆ బాధ ముందు, టి కోడ్‌కు ఎస్ తగిలించి వెనక.

ఇదే చార్టులో రెండో టి కోడ్ కూడా దాగి ఉండొచ్చు. ఆర్గానోఫాస్ఫేట్‌కు విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తారు. గుండె వేగం పెరగడం, నోరు ఎండిపోవడం ఆ చికిత్సలో ఎదురుచూసేవే. వాటికి కోడ్ వేయనక్కర్లేదు. అట్రోపిన్ వల్ల గుండె వేగం మరీ పెరిగి ఇబ్బంది పెట్టిందని డాక్టరు విడిగా రాసి, దానికి చికిత్స మార్చితే అప్పుడు ఆర్00.0, టి44.3ఎక్స్5ఏ కలుస్తాయి. ఒకే మనిషి ఒంట్లో ఒక మందు 1 గడిలో, దాని విరుగుడు 5 గడిలో. పురుగుమందు పొరపాటున వెళ్లింది, అట్రోపిన్‌ను తెలిసి, సరిగ్గా ఇచ్చారు.

ఉద్దేశం దగ్గర చేసే తప్పు అన్నిటికంటే బరువైనది. చార్టులో పురుగుమందు తాగి వచ్చారని మాత్రమే ఉంటే, ఈ ప్రాంతంలో పెరిగిన ఎవరి మనసైనా వెంటనే ఒక నిర్ణయానికి వచ్చేస్తుంది. కోడర్ ఆ నిర్ణయానికి రాకూడదు. ఉద్దేశం గురించి ఏమీ రాయకపోతే నియమం ప్రకారం పొరపాటున అనే తీసుకోవాలి, అంటే 1. ఉద్దేశం తేల్చలేకపోతున్నామని డాక్టరు స్పష్టంగా రాసినప్పుడే 4. ఏమీ రాయకపోవడం వేరు, తేల్చలేమని రాయడం వేరు. తనకు తానే అని చార్టులో ఉంటేనే 2. ఒక కుటుంబం జీవితాంతం మోసే మాట అది. ఊహించి రాసే హక్కు ఎవరికీ లేదు. ఏ పదార్థమో కూడా తెలియని కేసుకు టి65.9 వరస ఉంది. పొరపాటున అయితే టి65.91ఎక్స్ఏ. ఇందులో అంకె ఐదో స్థానంలో, ఎక్స్ ఆరో స్థానంలో ఉండటం గమనించాలి.

పాము కాటు గురించి కొంచెం. నాగుపామైతే టి63.041ఏ. మిగతా ఆఫ్రికా, ఆసియా పాముల గుంపుకు టి63.081ఏ. పాము పేరు రాయకపోతే టి63.001ఏ. విరుగుడు సీరంతో అనాఫిలాక్సిస్ వస్తే అది టి88.6 కాదు, సీరం రియాక్షన్ల కింద టి80.59ఎక్స్ఏ.

మానేసిన మాత్రల లెక్క

ఆరో గడి అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది. దీనికి ముందు వాడిన ఐసీడీ-9లో ఇలాంటి కోడ్ లేనే లేదు, అందుకే పాత అలవాటు ఉన్నవాళ్లకు ఇది గుర్తుకు రాదు. కానీ ఆసుపత్రిలో చేరడానికి అసలు కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

“బీపీ తగ్గిపోయింది కదండీ, ఇంకెందుకని మానేశానండి.” ఈ ఒక్క వాక్యంలో మూడు కోడ్‌లు ఉన్నాయి. రక్తపోటు పెరిగి వచ్చారు కాబట్టి ఐ10 ముందు. టెల్మిసార్టన్ లాంటి మాత్ర మానేశారు కాబట్టి టి46.5ఎక్స్6ఏ. కావాలనే మానేశారు, డబ్బు కారణం కాదు కాబట్టి జెడ్91.128. టి46.5ఎక్స్6ఏ ముందుకు రావడం ఎన్నటికీ కుదరదు. డోసు తగ్గిన కోడ్ మొదటి కోడ్‌గా ఉండకూడదన్నది మినహాయింపు లేని నియమం.

కారణం కోడ్ మాత్రం మనిషి మనిషికీ మారుతుంది. ఇన్సులిన్ కొనలేక రోజుకు రెండుసార్లు చేసుకోవాల్సింది ఒక్కసారే చేసుకుంటే జెడ్91.120. వయసు మీద పడి మరిచిపోతే జెడ్91.130. గోదావరికి వరదొస్తే ఇంకో కారణం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాలు పడవల మీదే ఆధారపడ్డాయి. అలాంటి రోజుల్లో మూర్ఛకు వాడే ఫెనిటోయిన్ అయిపోయి, షాపుకు చేరే దారి లేక మూడు రోజులు ఆగిపోయి, ఫిట్స్ వచ్చిన మనిషిని ఊహించండి. ముందు మూర్ఛ కోడ్ జి40.909, తర్వాత టి42.0ఎక్స్6ఏ, చివర జెడ్91.138. ఆయన కావాలని మానలేదు. ఆ తేడా కోడ్‌లో ఉండాలి. పక్షవాతంతో ఉన్న తల్లికి కూతురు మాత్రలు వేస్తూ, డబ్బు సరిపోక సగం వేస్తే అప్పుడు జెడ్91.ఏ వరసలో సంరక్షకుల కోడ్‌లు ఉన్నాయి. ఆసుపత్రిలోనే ఇవ్వాల్సిన మందు ఇవ్వకపోతే వై63.6.

రోగి పరిస్థితి దిగజారిందని డాక్టరు రాస్తేనే 6 గడి వాడాలన్న అపోహ ఒకటి ఉంది. అక్కర్లేదు. రాసిచ్చినదానికంటే తక్కువ వాడుతున్నారని, లేదా సొంతంగా మానేశారని ఉంటే చాలు. డాక్టరే ఆపమంటే అది డోసు తగ్గడం కిందికి రానే రాదు. ఇన్సులిన్ పంపు చెడిపోయి మోతాదు తగ్గితే మాత్రం పంపు లోపం కోడ్ టి85.6 ముందు, టి38.3ఎక్స్6 వెనక. మరో సంగతి: మందుల విషయంలో చెప్పినట్టు నడుచుకోకపోవడానికి వాడే జెడ్91.14 ఇప్పుడు జెడ్91.141, జెడ్91.148 గా విడిపోయింది. పాత నోట్సు చూసి అయిదు అక్షరాల కోడ్ రాస్తే చెల్లదు.

ఇంకా ఒక చిక్కు ఫార్మసీ చదివినవాళ్లకే ఎక్కువ ఎదురవుతుంది. ఇక్కడ పారాసెటమాల్ అనేది అమెరికా చార్టులో అసిటమినోఫెన్. సాల్బుటమాల్ అల్బ్యుటరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్, గ్లిబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్, రిఫాంపిసిన్ రిఫాంపిన్. బ్రాండు పేరును చూసి ఊహించకుండా, మందు అసలు పేరు కనుక్కుని వెతకాలి. ఒకే మాత్రలో రెండు మందులుంటే, ఆ జోడీకి టేబుల్‌లో ప్రత్యేకంగా కోడ్ లేనప్పుడు, రెంటికీ విడివిడిగా వేయాలి. పారాసెటమాల్, ట్రమడాల్ కలిసిన మాత్రకు టి39.1 ఒకటి, టి40.42 ఒకటి. ఒకే మందు మూడు రియాక్షన్లు తెస్తే లక్షణాల కోడ్‌లు మూడు, టి కోడ్ మాత్రం ఒక్కసారే.

ఇక్కడి ఆసుపత్రుల రికార్డు గదుల్లో వాడేది అమెరికా పుస్తకం కాదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10. అందులో 1 నుంచి 6 గడులు టి కోడ్‌లో కలిసి ఉండవు. పురుగుమందు కేసుకు టి60.0తో పాటు, పొరపాటున అయితే ఎక్స్48, తనకు తానే అయితే ఎక్స్68, తేలకపోతే వై18 విడిగా రాయాలి. మందుల దుష్ప్రభావానికి వై40 నుంచి వై59 వరకు. డోసు తగ్గడానికి ప్రత్యేక టి కోడ్ లేదు. మరణ ధ్రువీకరణలో మూలకారణంగా నిలిచేది టి60 కాదు, ఎక్స్48, ఎక్స్68 లాంటి బాహ్య కారణమే. అక్కడా ఉద్దేశం రాయకుండా వదిలేసిన ఒక ఫారం లెక్కల్లో ఒక మనిషిని తప్పు వరసలో కూర్చోబెడుతుంది. సరిగ్గా వాడిన మందుతో వచ్చిన రియాక్షన్లకు మన దేశంలో ఇంకో దారి కూడా ఉంది. 2010లో మొదలైన, మందుల దుష్ప్రభావాలను గమనించే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం కింద రియాక్షన్ ఫారం పంపొచ్చు, 1800-180-3024కు ఫోనూ చేయొచ్చు.

చివరగా, కార్తీక సోమవారం ఉపవాసం ఉండి, ఇన్సులిన్ మాత్రం మామూలుగానే వేసుకుని, షుగర్ పడిపోయి చేరిన మధుమేహ రోగి చార్టు. ఇన్సులిన్ మోతాదు తప్పలేదు, భోజనం తప్పింది. మోతాదు చెప్పినంతే వేసుకున్నారని, దాని వల్లే షుగర్ పడిందని డాక్టరు రాస్తే ఈ11.649 ముందు, టి38.3ఎక్స్5ఏ వెనక. మరిచిపోయి రెండోసారి వేసుకున్నారని రాస్తే టి38.3ఎక్స్1ఏ ముందు, ఈ11.649 వెనక. ‘ఇన్సులిన్, షుగర్ పడింది’ అని మాత్రమే ఉంటే డాక్టరుకు ఇలా రాసి పంపాలి, ఏ జవాబూ నోటికి అందించకుండా: “రోగికి షుగర్ తగ్గడానికి కారణం ఏమిటి? ఇన్సులిన్ రాసినట్టే వాడారా, ఎక్కువ వాడారా, ఇంకేదైనా కారణమా, తేల్చలేమా? దయచేసి చార్టులో రాయండి.”